‘కెప్టెన్ ఫిలిప్స్’లో చూపించింది ఎంత నిజం? ఇంజిన్ రూమ్‌ నుంచి ఒక జవాబు

సోమాలీ సముద్రపు దొంగలు అమెరికా ఓడను పట్టుకున్న కథ ‘కెప్టెన్ ఫిలిప్స్’ సినిమా చూసిన రాత్రి నిద్రపట్టలేదని మీరు రాశారు. తమ్ముడు మర్చంట్ నేవీలో చేరతానని పట్టుబడుతున్నాడని, అందులో చూపించింది ఎంతవరకు నిజమో, ఆ భయం ఇప్పటికీ ఉందో లేదో ఓడల మీద పనిచేసినవాళ్లు చెప్పమని అడిగారు. చెప్తానమ్మా. ముప్పై ఏళ్లు ఓడల ఇంజిన్ రూముల్లో గడిపి, చీఫ్ ఇంజినీర్‌గా రిటైరై విశాఖలో ఉంటున్నాను. సోమాలీ దొంగల బెడద బాగా ముదిరిన 2008, 2012 మధ్య యెమెన్‌కీ సోమాలియాకీ నడుమ ఉండే గల్ఫ్ ఆఫ్ ఏడెన్ చాలాసార్లు దాటాను. నన్ను ఎవరూ పట్టుకోలేదు, ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను. ఇందులో వీరగాథ ఏమీ లేదు.

సినిమాలో ఓడ నిజం, దొంగలు నిజం, ఏకే-47లు నిజం. కానీ ఆ గొడవ నాలుగు రోజుల్లో తేలిపోయిందే, అది మాత్రం అందరికీ దక్కే అదృష్టం కాదు. అలా తేలడానికి కారణం ఆ ఓడ వెనక ఎగురుతున్న అమెరికా జెండా, అంటే ఓడ ఆ దేశంలో రిజిస్టరైందని గుర్తు. మాలాంటివాళ్లం ఆ సినిమా చూస్తే మొదట కంట్లో పడేది టామ్ హాంక్స్ కాదు, ఆ జెండాయే.

జరిగింది ఇది. మెర్స్క్ అలబామా అనే కంటైనర్ ఓడ, 20 మంది సిబ్బందితో జిబూటీలో ఆగి కెన్యాలోని మొంబాసాకు వెళ్తోంది. 17,000 టన్నుల సరుకులో 5,000 టన్నులు సోమాలియా, ఉగాండా, కెన్యాలకు పంపుతున్న సహాయ సామగ్రి. 2009 ఏప్రిల్ 8న, సోమాలియాలోని ఐల్ అనే రేవుకు ఆగ్నేయంగా 240 నాటికల్ మైళ్ల దూరంలో, నలుగురు కుర్రాళ్లు చిన్న బోటులో వచ్చి ఓడ ఎక్కేశారు. తమ దేశానికి వస్తున్న తిండిని మోస్తున్న ఓడనే పట్టుకున్నారన్నమాట.

అసలు అమెరికా జెండా ఓడ ఆ నీళ్లలో ఏం చేస్తోందని అడగాలి. ప్రపంచంలో సరుకు ఓడల్లో పెద్ద భాగం పనామా, లైబీరియా, మార్షల్ ఐలాండ్స్ జెండాల కింద నడుస్తాయి. అక్కడ పన్ను తక్కువ, అడిగేవాళ్లు తక్కువ. అమెరికా జెండా కింద నడపడం ఖరీదైన వ్యవహారం. అయితే అమెరికా ప్రభుత్వం పంపే ఆహార సాయంలో పెద్ద వాటా అమెరికా జెండా ఓడల్లోనే వెళ్లాలని వాళ్ల చట్టం. ఆ చట్టం వల్లే అలబామాలాంటి ఓడలకు ఆ రూటులో పని. 19వ శతాబ్దం మొదటి రోజుల తర్వాత అమెరికా జెండా ఓడను సముద్రపు దొంగలు పట్టుకోవడం అదే మొదటిసారి. ఎక్కిన నలుగురికీ తాము ఎవరి ఇంటి తలుపు తట్టామో తెలిసుండదు.

ఇక నా శాఖ సంగతికొస్తాను. పేరు కెప్టెన్‌ది, సినిమా కెప్టెన్‌ది. కానీ ఓడ దొంగల చేతికి దక్కకుండా చేసింది ఇంజిన్ రూమ్. చీఫ్ ఇంజినీర్ మైక్ పెర్రీ, ఆయన కింద ఫస్ట్ ఇంజినీర్ ఇద్దరూ అప్పుడు ఏం చేశారో కొంచెం వివరంగా చెప్పాలి. ఓడ ఎక్కనివాళ్లకు సినిమాలో ఆ ముక్క సరిగా అర్థం కాదు.

ఓడ నడిచేది పైన బ్రిడ్జి మీంచి, అంటే కెప్టెన్ నిలబడి నడిపే గది నుంచి. అక్కడ లివర్ తోస్తే కింద మెయిన్ ఇంజిన్ వేగం మారుతుంది, చక్రం తిప్పితే వెనక స్టీరింగ్ గేర్ కదిలి చుక్కాని తిరుగుతుంది. చాలామంది అనుకుంటారు, బ్రిడ్జి ఎవరి చేతిలో ఉంటే ఓడ వాళ్లదేనని. కాదమ్మా. ఆ అధికారం మేం కిందినుంచి ఇచ్చింది. ఇంజిన్ కంట్రోల్ రూమ్‌లో ఒక స్విచ్ తిప్పితే ఇంజిన్ బ్రిడ్జి మాట వినడం మానేస్తుంది. స్టీరింగ్ గేర్ రూమ్‌కి వెళ్లి లోకల్‌లో పెడితే చుక్కాని మా చేతికి వస్తుంది, పైన చక్రం పిల్లలు ఆడుకునే బొమ్మ. ఎమర్జెన్సీ డ్రిల్స్‌లో ఇది మేం విసుగు పుట్టేదాకా చేస్తాం. అలబామాలో చేసింది అదే. దొంగల బోటు పక్కకు చేరుతుండగా చుక్కాని అటూఇటూ కొట్టించి ఆ బోటును నీళ్లతో ముంచెత్తారు. వాళ్లు ఎలాగో ఓడ ఎక్కేశారు గానీ తిరిగి వెళ్లడానికి బోటు లేకుండా పోయింది. తర్వాత లైఫ్ బోటు దాకా కథ నడవడానికి మూలం ఇదే.

ఆ తర్వాత పెర్రీ మొత్తం కరెంటు తీసేశాడు. మా భాషలో బ్లాకౌట్. మామూలుగా బ్లాకౌట్ అయితే ఎమర్జెన్సీ జనరేటర్ 45 సెకన్లలోపు దానంతటదే అందుకుని దీపాలు వెలిగించాలి. రూలు అది. ఓడ చీకట్లోనే ఉండాలంటే దాన్ని కూడా ఆపుకోవాలి. ఏ ఇంజినీరైనా జీవితమంతా బ్లాకౌట్ రాకుండా చూడటానికే జీతం తీసుకుంటాడు. కావాలని చీకటి చేయడమంటే చెయ్యి ఎంత వణుకుతుందో నేను ఊహించగలను. ఫ్యాన్లు ఆగిన ఇంజిన్ రూమ్ ఎలా ఉంటుందో మాత్రం ఊహించక్కర్లేదు, చూశాను. ఆ సముద్రాల్లో ఏప్రిల్ నెలలో పది నిమిషాలకే బాయిలర్ సూట్ ఒంటికి అతుక్కుపోతుంది, ఇంకో గంటకి మనిషి గాలి కోసం తలుపు తీద్దామనే స్థితికి వస్తాడు. వాళ్లు పద్నాలుగు మంది ఒక గదిలో తలుపులు బిగించుకుని అలా గంటల తరబడి కూర్చున్నారు.

పెర్రీ గది బయటే ఉండిపోయాడు, చేతిలో కత్తి. మిగతా సిబ్బందిని వెతుక్కుంటూ దొంగల నాయకుడు అబ్దువలీ మూసే చీకట్లో ఇంజిన్ రూమ్‌లోకి వచ్చాడు. వాడికి ఆ మెట్లు కొత్త. పెర్రీకి కళ్లు మూసుకున్నా ప్రతి వాల్వూ తెలుసు. మీదపడి పట్టేసుకున్నాడు. మూసే చేతికి గాయమైంది, వాణ్ని కట్టేశారు, సెకండ్ మేట్ కట్టు కూడా కట్టాడు. తర్వాత, మీవాణ్ని ఇస్తాం, మా కెప్టెన్‌ని ఇవ్వండి అని బేరం. సిబ్బంది మాట ప్రకారం మూసేని వదిలేశారు. దొంగలు కెప్టెన్‌ని వదలకుండా లైఫ్ బోటులోకి లాక్కెళ్లిపోయారు.

ఇక్కడే సినిమా కొంచెం మెత్తగా నడిచింది. సినిమాలో కెప్టెన్ ముందుచూపున్న మనిషి. తర్వాత సిబ్బందిలో పదకొండు మంది ఓడ కంపెనీల మీద కోర్టుకెళ్లారు. తీరానికి 600 మైళ్లు దూరంగా ఉండమని హెచ్చరికలు వచ్చినా ఓడను దగ్గరగా నడిపించారన్నది వాళ్ల ఆరోపణ. ఆ కేసు రాజీతో ముగిసింది. రిచర్డ్ ఫిలిప్స్ తన వైపు కథ పుస్తకంగా రాసుకున్నాడు, సినిమా ఆ పుస్తకం మీద తీసింది. నేను బ్రిడ్జి మనిషిని కాను, కాబట్టి తీర్పు చెప్పను. ఒక్కటి మాత్రం తెలుసు. దూరం తిరిగితే ఆయిల్ ఎక్కువ కాలుతుంది, రేవుకి ఆలస్యం అవుతుంది, ఆఫీసు నుంచి మెసేజ్ వస్తుంది. ఆ ఒత్తిడి లేని కెప్టెన్‌ని నేను చూడలేదు.

లైఫ్ బోటు సంగతి మీరు చూసిందే. పైకప్పు మూసి ఉండే చిన్న నారింజ రంగు బోటు, లోపల నలుగురు దొంగలు, ఒక బందీ. డ్రిల్ కోసం అరగంట కూర్చుంటేనే వాంతులు తెప్పించే వస్తువు అది. అమెరికా యుద్ధనౌక బెయిన్‌బ్రిడ్జ్ వచ్చి పక్కన నిలబడింది, తర్వాత ఇంకా వచ్చాయి. ఫిలిప్స్ ఒకసారి నీళ్లలోకి దూకి పారిపోబోయాడు, దొరికిపోయాడు. మూసే మాటల కోసం నౌక మీదకు వెళ్లాడు. ఏప్రిల్ 12న, నౌక ఆ బోటును తాడుతో లాగుతుండగా, వెనక డెక్ మీద పడుకున్న సీల్ షూటర్లు (అమెరికా నేవీ కమాండోలు) మిగిలిన ముగ్గురినీ ఒకేసారి కాల్చేశారు. ఊగే నౌక మీంచి, ఊగే బోటులో ఉన్నవాళ్లని, చీకటి పడ్డాక. ఇది సినిమా కల్పన కాదు.

చివర్లో ఫిలిప్స్‌ని పరీక్ష చేసే నర్సమ్మ ఉంది చూడండి, ఆమె నటి కాదు, నిజంగానే నేవీలో వైద్య సేవలు చేసే మనిషి. తన డ్యూటీలో ఎలా అడుగుతుందో అలాగే అడిగింది. ఆ సీన్ నేను రెండోసారి చూడలేకపోయాను. మా ఓడలో ఇంజిన్ రూమ్‌లో పనిచేసే ఒక ఆయిలర్‌కి ప్రమాదం జరిగిన రోజు, అంతా అయిపోయి అతను బతికాడని తెలిశాక, నాకు అలాగే దవడలు వణికాయి. ప్రమాదం నడుస్తున్నంతసేపూ ఏమీ కాలేదు.

ఇప్పుడు జెండా సంగతి. అదే ఏప్రిల్‌లో, అదే తీరంలో, డజనుకు పైగా ఓడలు లంగరేసి ఉన్నాయి, వాటిల్లో రెండు వందల మందికి పైగా బందీలు. ఫిలిప్పీన్స్, ఉక్రెయిన్, ఇండియా, చైనా, బంగ్లాదేశ్ మనుషులు. వాళ్ల కోసం ఎవరూ పారాచూట్లతో దిగలేదు. ఎందుకు దిగుతారు? ఓడ యజమాని ఒక దేశం, జెండా ఇంకో దేశం, మేనేజ్‌మెంటు కంపెనీ మూడో దేశం, సరుకు నాలుగో దేశానిది, పనిచేసేవాళ్లు అయిదారు దేశాలవాళ్లు. అందరిదీ అంటే ఎవరిదీ కాదు. యజమాని డబ్బు కట్టేదాకా కూర్చోవడమే.

ఆస్ఫాల్ట్ వెంచర్ అనే పనామా జెండా ట్యాంకర్ కథ మన పేపర్లలో అప్పుడప్పుడు వచ్చేది. 2010 సెప్టెంబర్ 28న పట్టుకున్నారు. పదిహేను మంది సిబ్బంది, అందరూ భారతీయులే. డబ్బు ముట్టింది, 2011 ఏప్రిల్‌లో ఓడను వదిలారు. ఎనిమిది మందిని పంపించి ఏడుగురిని ఉంచేసుకున్నారు. కారణం ఏం చెప్పారంటే, మీ నేవీ మావాళ్లని వందమందికి పైగా పట్టుకుంది, వాళ్లని వదిలితే వీళ్లని వదులుతాం అని. అప్పటిదాకా డబ్బుతో తేలే బేరం ఇంకోలా మారిపోయింది. ఆ ఏడుగురూ బయటపడింది 2014 అక్టోబర్ చివర్లో. లెక్కపెట్టుకోండి, నాలుగేళ్లకు పైనే. ఆ ఓడను వదలడానికి ముందు, 2011 మొదటి నెలల్లో మన నేవీ అరేబియా సముద్రంలో ప్రాంతలే-14, వేగా-5 అనే రెండు మదర్ షిప్పులను, అంటే దొంగలు తమ చిన్న బోట్లను దూరం మోసుకెళ్లడానికి వాడే ఓడలను, పట్టుకుంది. ఒక్క వేగా-5 మీదే 61 మంది దొంగలు. దేశానికి గర్వమే. నేనూ చప్పట్లు కొట్టాను. ఆ చప్పట్ల ఖరీదు ఏడు కుటుంబాలు కట్టాయని తర్వాత అర్థమైంది.

ఐస్‌బర్గ్-1 అని ఇంకోటి. 2010 మార్చిలో పట్టుబడి 2012 డిసెంబర్ దాకా, దగ్గర దగ్గర వెయ్యి రోజులు. 24 మందిలో 22 మందే బయటికొచ్చారు. వాళ్లలోనూ మనవాళ్లు ఉన్నారు. వీటి మీద హాలీవుడ్ సినిమా రాదు, ఎందుకంటే ఇందులో తుపాకీ మోత తక్కువ, ఎదురుచూపే ఎక్కువ. తాగునీళ్లు తగ్గిపోతాయి, జనరేటర్‌కి డీజిల్ అయిపోతుంది, ఫోన్ ఇచ్చి ఇంటికి ఏడుస్తూ మాట్లాడమంటారు. అక్కడినుంచి వచ్చినవాళ్లలో ఇద్దరితో నేను తర్వాత పనిచేశాను. ఒకతను కేబిన్ తలుపు మూసి పడుకునేవాడు కాదు. ఎందుకని ఎవరూ అడగలేదు.

నా అనుభవం కూడా అడిగారు కదా. 2010 నవంబర్, జోర్డాన్‌లోని అఖబాలో రాక్ ఫాస్ఫేట్ ఎత్తుకుని విశాఖకు వస్తున్నాం. ఎరువుల ఫ్యాక్టరీలకు వెళ్లే సరుకు. పాత బల్క్ క్యారియర్, అంటే సరుకు గుట్టగా పోసుకెళ్లే ఓడ, నిండా లోడు, వేగం మహా అయితే 12 నాట్లు (గంటకి 12 నాటికల్ మైళ్లు), నీటి మట్టానికి డెక్కు అయిదు మీటర్లు కూడా లేదు. దొంగలకు ఇంతకంటే రుచికరమైన ఓడ ఉండదు. 18 నాట్లు దాటి పరిగెత్తే ఓడను వాళ్లు ఎక్కిన దాఖలా లేదని మాకిచ్చిన పుస్తకంలో రాసి ఉండేది. చదివినప్పుడల్లా మాకు నవ్వొచ్చేది.

గల్ఫ్ ఆఫ్ ఏడెన్‌లో నేవీలు కాపలా కాసే దారి ఒకటి గీశారు. 490 నాటికల్ మైళ్ల పొడవు, తూర్పుకి వెళ్లేవాళ్లకి దక్షిణం వైపు అయిదు మైళ్ల వెడల్పు, పడమరకి వెళ్లేవాళ్లకి ఉత్తరం వైపు అయిదు మైళ్లు, మధ్యలో రెండు మైళ్ల ఖాళీ. మా వేగానికి ఆ దారి నలభై గంటల పైమాట. ఒకే వేగమున్న ఓడల్ని గుంపులు కట్టి పంపేవారు. రెయిలింగు చుట్టూ రేజర్ వైరు, ఫైర్ హోసులు బయటికి తిప్పి పంపు ఆన్, స్టీరింగ్ మోటార్లు రెండూ ఆన్. పాత బాయిలర్ సూట్లలో గుడ్డపీలికలు కుక్కి దిష్టిబొమ్మలు చేసి డెక్కు మీద నిలబెట్టాం, దూరం నుంచి కాపలా మనుషుల్లా కనబడాలని. మా ఫిట్టర్‌ది శ్రీకాకుళం వైపు. వాడు ఒక బొమ్మకి ఆఫీసు సూపరింటెండెంట్ పేరు పెట్టి రోజూ నమస్కారం చేసేవాడు. ఆ పేరు ఇక్కడ రాయను.

రెండో రోజు పొద్దున్నే బ్రిడ్జి నుంచి ఫోన్. అయిదారు చిన్న బోట్లు, అందులో ఒకటి మావైపే వస్తోంది. ‘చీఫ్ సాబ్, ఎంత ఇవ్వగలవో అంతా ఇయ్యి.’ ఇంజిన్‌కి ఇరవై రెండేళ్ల వయసు. ఎగ్జాస్ట్ టెంపరేచర్లు ఒక్కొక్కటే ఎర్రగీత వైపు పోతున్నాయి. మామూలు రోజైతే ఆ అంకెలు చూసి నేనే జూనియర్‌ని తిట్టి వేగం తగ్గించేవాణ్ని. ఆ రోజు మోగిన అలారాలు ఆపుకుంటూ ఇంకో పాయింటు పెంచాను. పన్నెండున్నర వచ్చింది. ఇరవై నిమిషాలు ఆ బోటు వెంటే ఉండి, తర్వాత పక్కకి తిరిగిపోయింది. వాళ్లు దొంగలో, వల కాపాడుకోవడానికి వచ్చిన యెమెన్ జాలర్లో ఈ రోజుకీ తెలియదు. అక్కడ జాలర్లు కూడా తుపాకీ పెట్టుకునే తిరుగుతారు.

ఈ తెలియకపోవడం చిన్న సంగతి కాదు. 2008 నవంబర్‌లో మన ఐఎన్‌ఎస్ తబర్ ఒక దొంగల మదర్ షిప్పును ముంచేసిందని టీవీలన్నీ ఊదరగొట్టాయి. తర్వాత తేలిందేమిటంటే అది ఎకావత్ నవా-5 అనే థాయ్ చేపల ఓడ. దొంగలు పట్టుకున్నారు, జాలర్లు బందీలుగా లోపలే ఉన్నారు. ప్రాణాలతో దొరికింది ఒక్కడు. 2012 ఫిబ్రవరిలో కేరళ తీరం దగ్గర ఎన్రికా లెక్సీ అనే ఇటలీ ట్యాంకర్ మీది మెరైన్లు దొంగలనుకుని కాల్చితే మన జాలర్లు ఇద్దరు చనిపోయారు. ఆ కేసు 2021లో పది కోట్ల పరిహారంతో ముగిసింది. సినిమాలో దొంగ ఎవరో మొదటి సీన్‌లోనే తెలుస్తుంది. సముద్రం మీద దుర్భిణిలో కనిపించేది ఒక చుక్క, దానిలో నలుగురు మనుషులు, అంతే.

ఆ దారి దాటాక, సముద్రం మధ్యలో సిగ్నల్ ఉండదు కాబట్టి, శాటిలైట్ ఫోన్‌లో రెండు నిమిషాలు మా అమ్మతో మాట్లాడాను. టీవీ చూసి ఉంది. ‘ఆ ఓడ పని ఒగ్గేసి వచ్చీరా నాన్నా’ అంది. ఆ జోన్‌లో ఉన్న రోజులకి బేసిక్ జీతం డబుల్ అని చెప్పలేదు. వెళ్లనని చెప్పే హక్కు కాగితం మీద ఉందని కూడా చెప్పలేదు. ఆ హక్కు వాడుకుని మొంబాసా ట్రిప్పు ముందు దిగిపోయిన ఒక థర్డ్ ఇంజినీర్‌ని తెలుసు. ఆ తర్వాత ఆ కంపెనీ నుంచి అతనికి ఫోన్ రాలేదు.

దొంగల గురించి కూడా నాలుగు మాటలు. సినిమాలో మూసే వేషం వేసిన బర్కాద్ అబ్ది అంతకుముందు అమెరికాలో కారు డ్రైవరు, అదే మొదటి సినిమా, ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లాడు. వాళ్ల నోట జాలర్ల మాట వస్తుంది, విదేశీ ఓడలు మా చేపలు దోచుకుపోయాయని. అందులో నిజముంది. 1991లో సియాద్ బర్రే ప్రభుత్వం కూలిపోయాక కాపలా లేని ఆ సముద్రంలో ఎవరు పడితే వాళ్లు వలలు వేశారు. సోమాలియా అంటే హాలీవుడ్‌కి గుర్తొచ్చే ఇంకో సినిమా, 1993 మొగదీషు పోరు మీద తీసిన ‘బ్లాక్ హాక్ డౌన్’, అదీ ఆ కూలిపోవడం లోంచి పుట్టిన కథే. అప్పుడు ఐక్యరాజ్యసమితి తరఫున మన సైన్యం బ్రిగేడు కూడా ఆ దేశంలో ఉంది, ఆ సంగతి మనలోనే చాలామందికి తెలియదు.

కానీ 2009 నాటికి అది వలల గొడవ దాటి వ్యాపారమైపోయింది. ప్రపంచ బ్యాంకు లెక్క ప్రకారం 2005, 2012 మధ్య సోమాలీ దొంగలకు ముట్టిన రాన్సమ్, అంటే బందీల్ని వదలడానికి కట్టే సొమ్ము, 33.9 కోట్ల నుంచి 41.3 కోట్ల డాలర్లు. బోటెక్కి ప్రాణం పణంగా పెట్టే కుర్రాడికి ఒక్కో ఓడకి దక్కేది 30,000 నుంచి 75,000 డాలర్లు. అందులోంచి ఒడ్డున అరువుకి నమిలిన ఖాత్ అనే మత్తు ఆకు ఖర్చు కూడా కోసుకునేవారు. పెద్ద వాటా పెట్టుబడి పెట్టినవాడిది. వాడు ఏ బోటూ ఎక్కడు. ఆ రోజు ఓడ ఎక్కిన నలుగురిలో ముగ్గురు చనిపోయారు, మూసే 2011లో న్యూయార్క్ కోర్టు వేసిన 33 ఏళ్ల 9 నెలల శిక్ష అనుభవిస్తున్నాడు. పట్టుబడేనాటికి వాడికి పదహారేళ్లేనని వాళ్ల అమ్మ చెప్పింది. నాకు వాడి మీద జాలి ఉందా అంటే, ఉంది. నా ఓడ ఎక్కి ఉంటే ఉండేదా అంటే, ఉండేది కాదు.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న, ఇంకా ఉందా అని. 2011లో సోమాలీ దాడులు 237. 2013లో 15. 2015లో ఒక్కటీ లేదు. నేవీల కాపలా ఒక కారణం, ఓడలవాళ్లు నేర్చుకోవడం ఇంకో కారణం. అన్నిటికంటే పనిచేసింది డబ్బిచ్చి ఎక్కించుకున్న సాయుధ గార్డులు. గార్డులున్న ఓడ ఒక్కటీ ఆ రోజుల్లో వాళ్ల చేతికి చిక్కలేదు. ఆ అలబామానే 2009 నవంబర్‌లో మళ్లీ దొంగలు వెంటాడారు. ఈసారి గార్డులు కాల్పులు జరిపి తరిమేశారు.

2023 చివర్లో మళ్లీ మొదలైంది. కానీ రెండు సంఘటనలు చెప్తాను, మీకు కొంత ధైర్యం వస్తుంది. 2024 జనవరిలో లీలా నార్‌ఫోక్ అనే లైబీరియా జెండా ఓడని దొంగలు ఎక్కారు. 21 మందిలో 15 మంది మనవాళ్లు. అందరూ, ఒక్కరు కూడా మిగలకుండా, సిటడెల్‌లోకి వెళ్లి తలుపు బిగించుకున్నారు. సిటడెల్ అంటే లోపలినుంచి గడియపెట్టుకునే గట్టి గది, తిండి, నీళ్లు, శాటిలైట్ ఫోన్ ఉంటాయి, ఎక్కువగా మా ఇంజిన్ రూమ్ వైపే ఉంటుంది. ఐఎన్‌ఎస్ చెన్నై చేరి మన నేవీ మార్కోస్ కమాండోలు ఎక్కేసరికి దొంగలు పరారు. మేం డ్రిల్లులో పదే పదే చెప్పేది ఇదే. ఒక్కడు బయట దొరికిపోయినా నేవీ చెయ్యి కట్టేసినట్టే. అలబామాలో కెప్టెన్‌తో పాటు కొందరు బ్రిడ్జి మీద ఉండిపోవడం వల్లే అంత కథ నడిచింది. రెండోది రూయెన్ అనే మాల్టా జెండా ఓడ. మూడు నెలలు దొంగల చేతిలో ఉంది. 2024 మార్చిలో ఐఎన్‌ఎస్ కోల్‌కతా నలభై గంటలు వెంటాడింది, సీ-17 విమానం నుంచి మార్కోస్‌ని సముద్రంలోకి దించారు, మన తీరానికి 2,600 కిలోమీటర్ల దూరంలో. 35 మంది దొంగలు లొంగిపోయారు, 17 మంది సిబ్బంది క్షేమం. లైబీరియాకీ మాల్టాకీ అక్కడ ఒక్క నౌక లేదు. జెండా చూడకుండా మన నేవీ వెళ్లింది. పదిహేనేళ్ల క్రితం నేను అనుకోని మార్పు ఇది. అయితే అదే మార్చిలో అబ్దుల్లా అనే బంగ్లాదేశ్ ఓడ 23 మందితో పట్టుబడి, నెల తర్వాత రాన్సమ్ కట్టాకే విడుదలైందని వార్తలు. అదృష్టం ఇంకా పూర్తిగా చావలేదు, దురదృష్టమూ అంతే.

నిజంగా ఇప్పుడు భయపడాల్సింది నిచ్చెన వేసుకొచ్చే కుర్రాళ్లకి కాదు, ఎర్ర సముద్రంలో యెమెన్ తిరుగుబాటుదారులు హౌతీల మిసైళ్లకి, డ్రోన్లకి. 2024 మార్చి 6న ట్రూ కాన్ఫిడెన్స్ అనే ఓడ మీద ముగ్గురు చనిపోయారు. మిగిలినవాళ్లని ఐఎన్‌ఎస్ కోల్‌కతాయే తెచ్చింది. 2025 జూలైలో మ్యాజిక్ సీస్, ఎటర్నిటీ సి అనే రెండు ఓడల్ని ముంచేశారు. మిసైల్‌కి రేజర్ వైరు అడ్డం కాదు, సిటడెల్ కూడా కాదు. నీటి మట్టం కింద గదిలో దాక్కుంటే ఒక్కోసారి అదే ప్రమాదం. అందుకే చాలా కంపెనీలు ఆఫ్రికా చుట్టూ, దాని దక్షిణ కొసన ఉన్న కేప్ ఆఫ్ గుడ్ హోప్ మీదుగా తిప్పడం మొదలుపెట్టాయి, పది పన్నెండు రోజులు ఎక్కువైనా సరే.

తమ్ముణ్ని ఆపమని నేను చెప్పను. మా ఇంట్లో రెండోవాడు కూడా ఓడల మీదే ఉన్నాడు. కానీ ఇక్కడ, ఒడ్డు మీద, ఒక పని చేయండి. దొంగల కంటే ముందు మన కుర్రాళ్లని ముంచుతున్నది ఏజెంట్లు. శ్రీకాకుళం, విజయనగరం ఊళ్లలో లక్షలు తీసుకుని, ఏ జెండానో ఏ బీమానో తెలియని తుప్పు ఓడ ఎక్కించేస్తారు. యజమాని మధ్యలో చేతులెత్తేస్తే ఏదో పరాయి రేవులో నెలల తరబడి జీతం లేకుండా కూర్చోవడమే. అలాంటి ఓడే రేపు ఎవరైనా పట్టుకుంటే డబ్బు కట్టేవాడు ఉండడు. ఉద్యోగం ఇప్పించే కంపెనీకి డీజీ షిప్పింగ్ (నౌకాయానాన్ని చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) ఇచ్చిన ఆర్‌పీఎస్‌ఎల్ లైసెన్సు, అంటే ఓడల మీదకు మనుషుల్ని పంపే అనుమతి, ఉండాలి, ఆ నంబరు డీజీ షిప్పింగ్ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. ఉద్యోగం కోసం డబ్బు అడిగితే అక్కడితో మాట ఆపేయండి. కాంట్రాక్టు మీద ఓడ పేరు, ఐఎంఓ నంబరు (ఓడ మారని గుర్తింపు నంబరు) ఉంటాయి. ఆ నంబరు పట్టుకుంటే ఓడ వయసు, జెండా, యజమాని, సిబ్బంది బాధ్యతల్లాంటివి చూసే పీ అండ్ ఐ బీమా ఎవరిదో తేలుతుంది.

తమ్ముడికి డెక్కు సైడా, ఇంజిన్ సైడా అన్నది రాయలేదు. కాలేజీ పేరు, ఎవరైనా ఆఫర్ ఇచ్చి ఉంటే ఓడ ఐఎంఓ నంబరు కింద పెట్టండి, చూసి చెప్తాను.